ముసలివాళ్ళు లేని ఊరు

బచేలి టౌన్‌షిప్ వీధుల్లో ఒక సాయంత్రం నడిచి చూడండి. సైకిళ్ళ మీద పిల్లలు కనిపిస్తారు. షిఫ్టు దిగి వస్తున్న కార్మికులు కనిపిస్తారు. కూరగాయల సంచులతో ఇంటికి మళ్ళే ఆడవాళ్ళు కనిపిస్తారు. కొంతసేపటికి ఒక సంగతి మనసుకు తడుతుంది. ఈ వీధుల్లో ముసలివాళ్ళు దాదాపు లేరు. అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్ళను పలకరించే తాత లేడు. గుమ్మంలో బియ్యం ఏరుతూ కూర్చున్న అవ్వ లేదు. కొడుకు దగ్గరకు వచ్చి నాలుగు నెలలుండి వెళ్ళే తల్లిదండ్రులు తప్ప, ఇది అరవై దాటనివాళ్ళ ఊరు.

ఎందుకు లేరో ఇక్కడ అందరికీ తెలుసు. అరవై నిండితే గని ఉద్యోగికి పదవీ విరమణ. దండలు వేస్తారు, ఫోటో తీస్తారు. గడువులోగా క్వార్టరు ఖాళీ చేయాలి. సామాను లారీ ఎక్కుతుంది, మనిషి విశాఖ రైలు ఎక్కుతాడు. బైలడీలా కొండల్లో కిరందుల్ వైపు గని 1968లో, బచేలి వైపు గని 1977లో మొదలయ్యాయి. అప్పట్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి ఇరవై ఏళ్ళ వయసులో వచ్చిన మన తెలుగువాళ్ళు ఎప్పుడో రిటైరై వెళ్ళిపోయారు. వాళ్ళ చోటులోకి కొత్త యువకులు వచ్చారు. ఊరి వయసు మాత్రం పెరగలేదు.

మేము కొన్ని తెలుగు కుటుంబాలవాళ్ళం పౌర్ణమి రోజుల్లో ఒకచోట చేరి వందన చేసుకుని, ఆ తర్వాత ఏదో ఒక విషయం మాట్లాడుకుంటాం. మొన్నటి పౌర్ణమికి ఈ మాట వచ్చింది. ఒక మిత్రుడు నవ్వుతూ, "మన టౌన్‌షిప్ శుద్ధోదనుడు వేయించిన రోడ్డులా ఉంది" అన్నాడు. కొడుకు కంట ముసలివాడు, రోగి, శవం పడకూడదని ఆ తండ్రి దారి పొడవునా మనుషులను తప్పించాడన్న కథ మనందరికీ తెలిసిందే. నవ్వుకున్నాం గానీ ఆ మాట మమ్మల్ని వదల్లేదు.

ఆ కథను బాబాసాహెబ్ ఒప్పుకోలేదన్నదీ మనకు తెలిసిందే. 1957లో వెలువడిన "బుద్ధుడు, ఆయన ధమ్మం" పీఠికలోనే ఆయన ఆ ప్రశ్న వేశారు. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా ఒక మనిషి ముసలితనాన్నీ రోగాన్నీ చావునూ చూడకుండా ఉండటం సాధ్యమా అని. అవి రోజూ ఎదురయ్యే సంగతులే కదా. ఈ తర్కాన్ని మన ఊరికి పెట్టి చూస్తే మనం కూడా తప్పించుకోలేం. ముసలితనం ఉందని మనకు తెలియక కాదు, మనుషులందరూ ముసలివాళ్ళవుతారని తెలిసే, వాళ్ళు మన వీధిలో ఉండకుండా ఒక ఏర్పాటు చేసుకున్నాం. కాబట్టి అడగవలసిన ప్రశ్న ఇది: ఇక పని చేయలేని మనిషికి తక్కినవాళ్ళు ఏం బాకీ పడ్డారు? ఏ కారణం చేత బాకీ పడ్డారు?

ఏమిటన్నదాని కంటే ఎందుకన్నదే ముఖ్యం. మనం చెప్పే కారణాన్ని బట్టే ఎవరికి అందుతుందో, ఎవరికి అందదో తేలిపోతుంది.

సాధారణంగా మనవాళ్ళ నోట మూడు కారణాలు వింటాం. ఒకటి, "నా తల్లి, నా తండ్రి, అందుకే చూస్తాను." అది రక్తసంబంధం. రెండు, "ముప్పై ఐదేళ్ళు చాకిరీ చేశాడు, అందుకే పింఛను." అది చేసిన పని. మూడు, "పాపం మంచి మనిషి, ఎవరి జోలికీ పోనివాడు, అందుకే సాయం చేయాలి." అది యోగ్యత. మూడూ మంచి కారణాలే. అయితే ఈ మూడింటినీ యూరపు దేశాలు మూడు నాలుగు శతాబ్దాల పాటు వాడి చూశాయి. ఆ అనుభవం మనకు పనికొస్తుంది.

ముందు రక్తసంబంధం సంగతి. "మన దేశంలో ఉమ్మడి కుటుంబం ఉండేది, ముసలివాళ్ళు రాజాల్లా బతికారు, పాశ్చాత్యులే తల్లిదండ్రులను ఆశ్రమాల్లో పడేస్తారు" అన్న మాట మన ఇళ్ళల్లో కూడా వినపడుతుంది. చరిత్ర అలా లేదు. పదహారు, పదిహేడు శతాబ్దాల ఇంగ్లండులోనే పెళ్ళయిన జంట వేరు కాపురం పెట్టడం మామూలు సంగతి. పీటర్ లాస్లెట్ వంటి చరిత్రకారులు పాత రిజిస్టర్లు తిరగేసి ఈ సంగతి తేల్చారు. మూడు తరాలు ఒక కప్పు కింద ఉండే ఇల్లు అక్కడ తక్కువే. అంటే ఫ్యాక్టరీలు వచ్చి కుటుంబాలను విడదీయలేదు, అంతకు ముందే అవి చిన్న కుటుంబాలు. మరి ముసలివాళ్ళు ఏమయ్యారు? 1598లో, తిరిగి 1601లో ఎలిజబెత్ రాణి కాలపు పార్లమెంటు ఒక చట్టం చేసింది. పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ఊరు, మన పంచాయతీ లాంటిది. ప్రతి పారిష్ తన పరిధిలో ఇళ్ళూ భూములూ ఉన్నవాళ్ళ మీద పన్ను వేసి, పని చేయలేని ముసలివాళ్ళనూ గుడ్డివాళ్ళనూ కుంటివాళ్ళనూ పోషించాలి. చాలా ఊళ్ళల్లో వయసు మళ్ళిన వితంతువులకు వారం వారం డబ్బు చేతికిచ్చేవారు. ముసలివాళ్ళ కోసం పన్ను కట్టడమన్నది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు.

ఇక మధ్య యూరపు రైతుల్లో ఇంకో పద్ధతి ఉండేది. తండ్రి పొలాన్ని కొడుక్కో అల్లుడికో అప్పగించేటప్పుడు పత్రం రాయించుకునేవాడు. ఉండటానికి ఒక గది, పొయ్యి దగ్గర చోటు, ఏడాదికి ఇంత ధాన్యం, ఇన్ని గుడ్లు, ఆవు పాలలో వాటా అని ఒక్కొక్కటీ లెక్క రాసుకునేవాళ్ళు. కన్నకొడుకుతో ఒప్పందమేమిటని మనకు ఎబ్బెట్టుగా ఉంటుంది. కానీ మన 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో కూడా అలాంటి రక్షణే ఉంది. చూసుకుంటారన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూడకపోతే రద్దు చేయించుకోవచ్చు. అక్కడా ఇక్కడా చట్టానికి తెలిసిన సత్యం ఒకటే. ముసలివాడికి ఇంట్లో దక్కే మర్యాదలో కొంత భాగం అతని చేతిలో ఉన్న ఆస్తిది.

మరి ఆస్తి లేనివాడి మాటేమిటి? ఉమ్మడి కుటుంబపు వైభవం గురించి చెప్పేవాళ్ళు ఎవరి ఇంటి గురించి చెబుతున్నారో గమనించాలి. పది ఎకరాల మాగాణి ఉన్న ఇంట్లో తాత మాటకు విలువ ఉండేది. మన పేటల్లో, రాసివ్వడానికి సెంటు భూమి లేని ఇళ్ళల్లో, ముసలితనం ఎలా గడిచిందో మన అమ్మమ్మలను అడిగితే చెబుతారు. కోతలయ్యాక ఆసామి పొలంలో రాలిన కంకులు ఏరుకునేవాళ్ళు. పరిగె ఏరడం అంటాం కదా, అదే. నడుం వంగిన అవ్వలు ఎండలో గింజ గింజ ఏరుకుని కొంగులో మూట కట్టుకుని వచ్చేవాళ్ళు. ఇంగ్లండులోనూ సరిగ్గా ఇదే జరిగేది. అక్కడ పేద వితంతువులకు పరిగె ఒక ముఖ్యమైన ఆధారం. 1788లో అక్కడి న్యాయస్థానం ఒక కేసులో, ఇంకొకరి పొలంలో పరిగె ఏరుకునే హక్కు ఎవరికీ లేదని తీర్పు చెప్పింది. ఊరి ఉమ్మడి భూములకు కంచెలు పడుతున్న కాలమది. కంచె పడినప్పుడు ముందు దెబ్బ తినేది ఎప్పుడూ ఆ వంగిన నడుమే.

బచేలి వారపు సంతకు వెళ్ళినప్పుడు ఇది మాకు మళ్ళీ కళ్ళకు కడుతుంది. టౌన్‌షిప్‌లో కనిపించని ముసలివాళ్ళు సంతలో కనిపిస్తారు. వాళ్ళు ఆదివాసీ అవ్వలు. ఇప్పపువ్వు, చింతపండు, ఆకు దొన్నెలు, పళ్ళు తోముకునే పుల్లలు చిన్న చిన్న కుప్పలుగా పోసుకుని కూర్చుంటారు. అడవి వాళ్ళకు పరిగె పొలం. ఎండాకాలం మొదట్లో తెల్లవారకముందే లేచి ఇప్పచెట్ల కింద పువ్వు ఏరుకోవడం వాళ్ళ పదవీ విరమణ పథకం. పదేళ్ళ పిల్ల చేసే పనినే డెబ్బై ఏళ్ళ అవ్వా చేస్తుంది. ఇంగ్లండులో నార్విచ్ అనే పట్టణంలో 1570లో పేదల జనాభా లెక్క రాశారు. అందులోనూ బాగా వయసు మళ్ళిన వితంతువులు నూలు వడుకుతూ పొట్ట పోసుకుంటున్నట్టు ఉంది. పేదవాడికి ముసలితనమంటే పని మానేసే కాలం కాదు, తక్కువ కూలికి పని చేసే కాలం.

రక్తసంబంధమన్న కారణానికి హద్దు ఇక్కడుంది. పిల్లలకే గడవనప్పుడు పిల్లల ప్రేమ అన్నం కాలేదు. పిల్లలు లేనివాళ్ళకు ఆ ప్రేమ కూడా ఉండదు.

రెండో కారణం, చేసిన పని. ఈ విషయంలో గని కార్మికులకు గొప్ప చరిత్ర ఉంది. జర్మనీ గనుల్లో కార్మికుల సహోదర సంఘాలు ఉండేవి. వీటి జాడ 1260 నాటి పత్రంలోనే దొరుకుతుంది. ఒక పెట్టె పెట్టి, కూలి అందినప్పుడల్లా ప్రతి కార్మికుడూ అందులో ఒక చిన్న నాణెం వేసేవాడు. గనిలో కాలు విరిగినవాడికీ, జబ్బు పడినవాడికీ, చనిపోయినవాడి భార్యాపిల్లలకూ ఆ పెట్టెలోంచి ఇచ్చేవారు. 1854లో ప్రష్యా ప్రభుత్వం ఇలాంటి నిధిని చట్టబద్ధం చేసింది. 1889లో జర్మనీ అంతటా కార్మికులకు వృద్ధాప్య పింఛను చట్టం రావడానికి ముందు ఈ గని పెట్టెల అనుభవం ఉంది. ఇది దానం కాదు. తన కూలిలోంచి తాను దాచుకున్నది, తోటివాడితో కలిసి దాచుకున్నది. తల ఎత్తుకుని తీసుకోవచ్చు.

మన దేశంలోనూ బాబాసాహెబ్ వైస్రాయి మండలిలో 1942 నుంచి 1946 దాకా కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్నప్పుడు ఇదే దారిలో నడిచారు. 1943 డిసెంబరులో ఆయన ధన్‌బాద్ వెళ్ళి బొగ్గు గనిలోకి స్వయంగా దిగి చూశారు. 1944లో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఏర్పడింది. గనిలోంచి బయటికొచ్చే సంపదలో ఒక వంతు గనిలోకి దిగే మనిషికి చెందాలన్నది ఆ నిధిలో ఉన్న సూత్రం.

కానీ పని అన్న కారణానికీ ఒక హద్దుంది. ఎవరి పనిని పనిగా లెక్కిస్తారు? పెట్టెలో పేరున్నవాడికే పెట్టె. పక్కనే ఉన్న కిరందుల్‌లో 1978 ఏప్రిల్ 5న జరిగింది మన పెద్దవాళ్ళు మరిచిపోలేదు. చేతులతో ఖనిజం తవ్విన కాంట్రాక్టు కూలీలు, యంత్రాలు వచ్చి తమ పని పోతుందని ఆందోళన చేశారు. పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చనిపోయారు. యాభై ఏళ్ళు కావస్తున్నా పర్మినెంటుకూ కాంట్రాక్టుకూ మధ్య ఆ గీత ఇంకా చెరగలేదు.

మాకు తెలిసిన ఒక తాత ఉన్నాడు. ఊరు విజయనగరం వైపు. కాంట్రాక్టర్లు మారుతూ వచ్చారు, ఆయన మాత్రం అదే ఎర్రమట్టిలో ఇరవై ఆరేళ్ళు పనిచేశాడు. చివరికి ఊపిరాడక పని మానేసినప్పుడు, ప్రావిడెంట్ ఫండు కాగితాలు తెమ్మన్నారు. ఏ కాంట్రాక్టరు దగ్గర ఎన్నేళ్ళు చేశాడో, ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో ఆయనకు తెలియదు. "ఏటి చెప్తాం బాబూ, మట్టి ఒకటే, మేస్త్రీలే మారినారు" అన్నాడు. ఆ మట్టి రైలెక్కి విశాఖ వెళ్ళి అక్కడి నుంచి ఓడలెక్కింది. దానికి టన్నుల లెక్క ఉంది. ఆ తాత సంవత్సరాలకు లెక్క లేదు.

కాగితాలన్నీ సరిగా ఉన్నవాళ్ళ సంగతి కూడా గొప్పగా లేదు. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో కనీస పింఛను 2014లో నెలకు 1,000 రూపాయలకు పెంచారు. అదే 1995లో మొదలైన జాతీయ వృద్ధాప్య పింఛను నెలకు 75 రూపాయలు. తర్వాత కేంద్రం వాటా 200 అయింది, ఎనభై దాటితే 500. ఎన్నో ఏళ్ళుగా ఆ 200 అక్కడే ఉంది. దాని మీద కలిపే మొత్తం ఏ రాష్ట్రం ఇష్టం ఆ రాష్ట్రానిది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి నెలకు 4,000 ఇస్తున్నారు.

అందుకే మా వీధిలో ఒక అమ్మ కొడుకు దగ్గర స్థిరంగా ఉండలేదు. ఆమె రేషన్ కార్డు, పింఛను అన్నీ శ్రీకాకుళం జిల్లాలో. అక్కడ ఉంటే డబ్బు, ఇక్కడ ఉంటే మనుషులు. ఒంటిగా సొరంగాలు దాటుకుంటూ రైల్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. "ఎందుకమ్మా ఈ వయసులో?" అంటే, "కోడలి చేతిలో నాలుగు నోట్లు పెడితే నా మాట నాకుంటది నాయనా" అంటుంది. ఇంగ్లండులో 1662లో ఒక చట్టం చేశారు. పేదవాడికి సాయం తన సొంత పారిష్‌లోనే దొరుకుతుంది, ఇంకో ఊరు వచ్చి భారమయ్యేలా ఉంటే పట్టుకుని సొంత ఊరికి పంపేయవచ్చు. ఆ కాలపు పారిష్‌లు ముసలివాళ్ళూ గర్భిణులూ మీ ఊరివాళ్ళంటే మీ ఊరివాళ్ళని కోర్టుల్లో తగువులాడుకున్నాయి. మనల్ని ఎవరూ పట్టుకుని పంపడం లేదు. అయినా ఆ అమ్మ రైలెక్కుతూనే ఉంది.

మూడో కారణం, యోగ్యత. ఇది చూడటానికి ధర్మంగా ఉంటుంది. "అర్హులకే ఇవ్వాలి" అంటే ఎవరు కాదంటారు? కానీ అసలు ప్రమాదం దీనితోనే. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో యాకోబ్ ఫుగ్గర్ అనే ధనవంతుడు పేదల కోసం ఒక చిన్న పేట కట్టించాడు. ఆ ధర్మపత్రం 1521 నాటిది. వెండి, రాగి గనుల వ్యాపారంలో సంపాదించినవాడు. ఏడాదికి అద్దె ఒక్క గిల్డరు. ఈనాటికీ ఆ లెక్కనే 88 సెంట్లు తీసుకుంటారు. ఐదు వందల ఏళ్ళు నిలిచిన మేలు అది, కాదనలేం. కానీ షరతులు చూడండి. కేథలిక్కు అయి ఉండాలి, మర్యాదస్తుడై ఉండాలి, రోజూ మూడు ప్రార్థనలు ఫుగ్గర్ కుటుంబం ఆత్మశాంతి కోసం చేయాలి. ఇల్లు ఇచ్చినవాడు పుణ్యం అద్దెగా వసూలు చేసుకున్నాడు. దానం చేసి పుణ్యం కొనుక్కునే పద్ధతి మన దేశంలో మనకు కొత్త కాదు కదా.

ఇంగ్లండు అక్కడితో ఆగలేదు. 1697లో చేసిన చట్టం ప్రకారం, పారిష్ సాయం తీసుకునేవాళ్ళు కుడి భుజం మీద ఎర్రదో నీలిదో గుడ్డతో ఒక అక్షరం కుట్టించుకుని తిరగాలి. పేద అని తెలిపే గుర్తు అది. పక్కన ఊరి పేరులో మొదటి అక్షరం. ఒంటి మీద గుర్తుతో వీధిలో నడవడమంటే ఏమిటో మన తాతలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత, సాయం కావాలంటే పనిశాలలోకి వచ్చి ఉండాలన్నారు. 1834 చట్టం వచ్చాక ఆ పనిశాలలు మరీ కఠినమయ్యాయి. బయట అతి పేద కూలివాడి బతుకు కంటే లోపలి బతుకు హీనంగా ఉండాలన్నది ఒక విధానంగానే పెట్టుకున్నారు. అలా అయితే నిజంగా గతిలేనివాడే వస్తాడని లెక్క. నలభై ఏళ్ళు కలిసి కాపురం చేసిన ముసలి దంపతులను వేరు వేరు గదుల్లో పెట్టారు. అరవై దాటిన జంటలు కలిసి ఉండొచ్చని 1847లో సవరించవలసి వచ్చింది. 1908లో అక్కడ డెబ్బై దాటినవాళ్ళకు వారానికి ఐదు షిల్లింగుల దాకా పింఛను చట్టం వచ్చి, పోస్టాఫీసులో ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కూడా, అలవాటుగా పని ఎగ్గొట్టినవాడికి లేదు అన్న షరతు ఉంది. మూడు వందల ఏళ్ళ తర్వాత కూడా యోగ్యత పరీక్ష వదల్లేదు.

యోగ్యత పరీక్షలో తప్పినవాళ్ళకు ఇంకా ఘోరం జరిగింది. యూరపులో మంత్రగత్తెలని చంపిన ఆడవాళ్ళలో చాలామంది వయసు మళ్ళిన పేదవాళ్ళు. ఇంగ్లండు కేసులను పరిశీలించిన కీత్ థామస్, అలన్ మాక్‌ఫర్లేన్ అనే చరిత్రకారులు 1970ల మొదట్లో ఒక సంగతి చెప్పారు. ముసలమ్మ గుమ్మంలోకి వచ్చి కాస్త పాలో రొట్టెముక్కో అడుగుతుంది. ఇంటివాళ్ళు లేదు పొమ్మంటారు. ఆమె గొణుక్కుంటూ వెళుతుంది. తర్వాత ఇంట్లో బిడ్డకో ఆవుకో జబ్బు చేస్తుంది. పెట్టనందుకు లోపల గుచ్చుకుంటున్న మనసు, ఆ నేరాన్ని తీసుకెళ్ళి ఆమె మీదే వేస్తుంది. ఇది చదివినప్పుడు మేము దూరదేశపు కథగా చదవలేకపోయాం. మేముంటున్న ఛత్తీస్‌గఢ్‌లో టోనహీ అన్న ముద్ర వేసి ఆడవాళ్ళను హింసించడం ఎంతగా ఉందంటే, 2005లో దాని మీద ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. మన తెలుగు పల్లెల్లో చేతబడి, చిల్లంగి, బాణామతి అన్న పేర్లతో చంపబడినవాళ్ళలోనూ దిక్కులేని ముసలివాళ్ళు తక్కువేం కాదు. పట్టెడన్నం పెట్టాల్సిన మనిషిని చూసి భయపడటం మొదలుపెట్టిన సమాజం ఎంత దూరమైనా పోతుంది.

ఇప్పుడు మన దారి ఏం చెబుతుందో చూద్దాం. వినయ పిటకంలో ఒక సంఘటన ఉంది. ఒక భిక్షువు విరేచనాలతో మంచాన పడి తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. బుద్ధుడు ఆనందుడితో కలిసి అటు వచ్చి చూశాడు. నీకు సేవ చేసేవాళ్ళు ఎవరూ లేరా అని అడిగితే లేరన్నాడు. ఎందుకని అడిగితే అతను చెప్పిన జవాబు మనం ఆగి ఆలోచించాలి. నేను తోటి భిక్షువులకు ఏ సాయమూ చేయలేదు, అందుకే వాళ్ళు నన్ను చూడటం లేదన్నాడు. అంటే అతనే ఒప్పుకున్నాడు. పని అన్న లెక్కలో తనకు రావలసింది ఏమీ లేదు. యోగ్యత అన్న లెక్కలోనూ లేదు. ఇల్లు విడిచి వచ్చినవాడు కాబట్టి రక్తసంబంధమూ లేదు. మూడు కారణాలూ అతని దగ్గర చెల్లలేదు.

బుద్ధుడు అతని తప్పొప్పులు విచారించలేదు. ఆనందుణ్ణి నీళ్ళు తెమ్మని, తాను నీళ్ళు పోస్తుంటే ఆనందుడు కడిగాడు. ఇద్దరూ కలిసి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత సంఘాన్ని పిలిచి చెప్పిన మాటల సారాంశం ఇది: మిమ్మల్ని చూడటానికి తల్లీ తండ్రీ ఇక్కడ లేరు, ఒకరినొకరు మీరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారు, నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలి.

ఇదే నాలుగో కారణం. అతనికి అవసరం ఉంది, మనం పక్కన ఉన్నాం. అంతకు మించిన అర్హత పత్రం అక్కర్లేదు. ఊరు విడిచి, తల్లిదండ్రులను విడిచి పని కోసం వచ్చి ఒకచోట చేరినవాళ్ళం కాబట్టి ఆ మాటలు బచేలిలో ఉన్న మాకోసమే చెప్పినట్టుంటాయి.

దీనికి మా మధ్యే ఒక అభ్యంతరం వచ్చింది. "అందరి బాధ్యత అంటే ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. సర్కారు పింఛను ఇస్తే పిల్లలు వదిలేస్తారు. తల్లిని ఒక భుజం మీద, తండ్రిని ఒక భుజం మీద నూరేళ్ళు మోసినా ఋణం తీరదని బుద్ధుడే చెప్పాడు కదా" అని ఒక పెద్దాయన అన్నాడు. తోసిపుచ్చే మాట కాదిది. కానీ అదే బుద్ధుడు సిగాలోవాద సుత్తంలో బాధ్యతలను ఆరు దిక్కులుగా చెప్పాడు. తూర్పు దిక్కు తల్లిదండ్రులు. కింది దిక్కు పనివాళ్ళు. యజమాని వాళ్ళ శక్తికి తగిన పని ఇవ్వాలి, తిండీ కూలీ ఇవ్వాలి, జబ్బు చేస్తే చూడాలి, సమయానికి విశ్రాంతి ఇవ్వాలి. తూర్పుకు మొక్కి కింది దిక్కును తొక్కమని ఆయన చెప్పలేదు. ఇక పింఛను వస్తే ప్రేమ పోతుందన్నదానికి మా వీధి అమ్మే జవాబు. నాలుగు నోట్లు చేతిలో ఉన్నప్పుడు ఆమె కోడలితో తగువు తగ్గింది గానీ పెరగలేదు. తిండి భయం లేనప్పుడే ఇంట్లో ప్రేమకు చోటు దొరుకుతుంది. కొడుకు భుజం మీద బరువు తగ్గిస్తే అతను తల్లిని దించేస్తాడని అనుకోవడం, కొడుకులను మరీ తక్కువ చేయడం.

"ఇంతమందికి డబ్బెక్కడిది?" అన్నది ఇంకో ప్రశ్న. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుని శాసనాలు ఉన్నాయి. వాటిలో ఎనిమిదోది, రాజులు వేటకు తిరిగే యాత్రలు మాని తాను ధమ్మయాత్రలు మొదలుపెట్టానని చెబుతుంది. ఆ యాత్రల్లో చేసిన పనుల్లో వృద్ధులను దర్శించి వాళ్ళకు బంగారం ఇవ్వడం ఒకటి. వేటకు పోయే ఖర్చు ముసలివాళ్ళ గుమ్మానికి మళ్ళింది. డబ్బు ఎప్పుడూ ఉంటుంది, అది ఏ దారిన పోతుందన్నదే ప్రశ్న. మన రాజ్యాంగం 41వ అధికరణ వృద్ధాప్యంలో ప్రభుత్వ సాయం పొందే హక్కును ఏర్పాటు చేయమని రాజ్యానికి చెబుతుంది. తన ఆర్థిక శక్తి మేరకు అన్న మాట కూడా అందులో ఉంది. ఆ మాట వెనుక ప్రభుత్వాలు ఇన్నాళ్ళూ దాక్కున్నాయి. కానీ దంతెవాడ జిల్లా ఆ మాట చెప్పలేదు. 2015లో గనుల చట్టాన్ని సవరించి ప్రతి గని జిల్లాలో ఖనిజ నిధి పెట్టారు. పాత లీజులు ఉన్న గనులు రాయల్టీ మీద మరో 30 శాతం దాకా దానికి కట్టాలి. ఆ నిధిలో కనీసం 60 శాతం ముఖ్య రంగాలకు ఖర్చు చేయాలని అప్పట్లో అన్నారు. ఆ జాబితాలో వృద్ధుల సంక్షేమం పేరు పెట్టి రాసి ఉంది. 1601లో పారిష్ ఇళ్ళ మీద పన్ను వేసింది, మనకు ఇక్కడ కొండే పన్ను కడుతోంది. అడగవలసింది మనం.

మేము రెండు పనులు అనుకున్నాం. మొదటిది, జిల్లా ఖనిజ నిధిలోంచి వృద్ధులకు ఎంత ఖర్చు పెడుతున్నారో గ్రామసభల్లో అడగడం. అడిగేటప్పుడు మన తెలుగువాళ్ళ కోసం మాత్రమే కాదు, సంతలో ఇప్పపువ్వు అమ్ముకునే అవ్వను ముందు పెట్టుకుని అడగడం. కొండ ముందుగా ఆమెది. రెండోది, పాత గని కార్మికుల మాదిరిగా మేమూ ఒక పెట్టె పెట్టాం. పౌర్ణమికి వచ్చినప్పుడు ఎవరికి తోచింది వాళ్ళు వేస్తున్నాం. కాంట్రాక్టు పని చేసి పడిపోయిన తాతకు మందులు దానిలోంచి వెళుతున్నాయి. ఆ డబ్బు ఇచ్చేటప్పుడు మేము పెట్టుకున్న నియమం ఒక్కటే. కులం, మతం, తాగుతాడా లేదా, పిల్లలు చూస్తున్నారా లేదా, వందనకు వస్తాడా రాడా అని అడగం. ఫోటో తీయం.

మొదటిసారి డబ్బు తీసుకెళ్ళినప్పుడు ఆ తాత, "నేను మీకేం చేశాను బాబూ?" అన్నాడు. ఆ రోగి భిక్షువు చెప్పిన జవాబే, ప్రశ్నగా మారి వచ్చింది. మాలో ఎవరికీ వెంటనే మాట రాలేదు. మాతో వచ్చిన ఒక తల్లి చాప సరిచేసి ఆయన పక్కన కూర్చుని, "ఏమీ చేయక్కర్లేదు తాతా, మందు వేసుకున్నావా?" అని అడిగింది.